ఉప్పు పరీక్ష గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

అక్టోబరు 21 అయోడిన్ లోప నివారణ దినం కదా అని ఎనిమిదో తరగతి పిల్లల చేత ఇంటి నుంచి తలా రెండు చెంచాల ఉప్పు తెప్పించి, అందులో అయోడిన్ ఉందో లేదో ల్యాబులో పరీక్ష చేయించాం. అయోడిన్ ఉంటే ఉప్పు నీలమవుతుంది. చాలా పొట్లాలు నీలం తేలాయి, కొన్ని తెల్లగానే ఉండిపోయాయి. ఆ రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. "మా ఇంటి ఉప్పు కల్తీ అంటారా" అని కొందరు నొచ్చుకున్నారు. ఎవరూ ఆ మాట అనలేదండీ. మళ్లీ పరీక్షించాక కూడా తెల్లగా ఉండిపోయిందంటే ఆ ఉప్పులో అయోడిన్ కలపలేదు, లేదా కలిపింది పోయింది, అంతే. పోవడం మటుకు మన వంటింటి వ్యవహారం.

ముందు పరీక్ష సంగతి. ఉప్పును చిన్న గిన్నెలో పోసి చదును చేసి, పైన పరీక్ష కిట్‌లోని ద్రావణం రెండు చుక్కలు వేసి, నిమిషం లోపు రంగును కిట్‌లోని రంగుల కార్డుతో పోల్చాలి. ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్ అనే అయోడిన్ ఉన్న పదార్థం. ద్రావణంలోని ఆమ్లం, అయోడైడ్ దాన్ని అయోడిన్‌గా మారుస్తాయి, అందులోని గంజి దాన్ని పట్టుకుని నీలమవుతుంది. రంగు రాని పొట్లాలను ఎనిమిది-బి అమ్మాయిలు ముగ్గురు అంత తేలిగ్గా వదల్లేదు. గడ్డకట్టకుండా కలిపే పదార్థం వల్ల ఉప్పుకు క్షారగుణం వస్తే పరీక్ష తప్పుతుంది. అందుకని మళ్లీ కొత్తగా ఉప్పు తీసుకుని, ముందు ఇలాంటి ఉప్పు కోసమే కిట్‌లో ఇచ్చే రీచెక్ ద్రావణం ఐదు చుక్కలు, ఆ పైన మామూలు ద్రావణం రెండు చుక్కలు వేశారు. రెండు పొట్లాలు అప్పుడు నీలం తేలాయి! వాళ్లకిది ఎవరూ చెప్పలేదు, కిట్ డబ్బాలోని కాగితం చదివారు. కార్డు రంగు అంచనాకే పనికొస్తుంది, సరైన అంకె కావాలంటే టైట్రేషన్ (ద్రావణాన్ని కొలిచి కలుపుతూ లెక్కగట్టే పద్ధతి) చేయాలి. ఇప్పుడది నేర్పమని కెమిస్ట్రీ మాస్టారి వెంట పడుతున్నారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు కావలసిన అయోడిన్ 120 మైక్రోగ్రాములే. ఆ పై వయసు వారికి 150, గర్భిణులకు 250. పెద్దలకు ఏడాదంతా కలిపినా 55 మిల్లీగ్రాములు. ఆ కాస్తా అందకపోతే గొంతులోని థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారు చేయలేక ఉబ్బుతుంది, గొంతు దగ్గర వాపు కనిపిస్తుంది. కనిపించేది అది. కనిపించనిది కడుపులోని బిడ్డ మెదడుకు జరిగే నష్టం, తర్వాత ఎంత అయోడిన్ పెట్టినా అది పూడదు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇప్పించి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట గొంతు వాపులు తగ్గాయి. 1962లో గొంతు వాపు నివారణకు దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. మనవాడి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బొత్తిగా మింగుడుపడదు. ఈ ఏడాది ప్రతి తరగతిలో చెప్పిస్తున్నాను.

ఇక మన ఇళ్ల సంగతి. ఫ్యాక్టరీలో ఉప్పుకు 20 నుంచి 30 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) అయోడిన్ ఉండాలి, మన చేతికి వచ్చేసరికి కనీసం 15 ఉండాలని నిబంధన. దారిలో కొంత పోతుందని వాళ్లకు తెలుసు, మిగిలింది మనం పోగొడుతున్నాం. మూతలేని జాడీ స్టవ్ పక్కనే పెట్టడం, తడి చెంచా ముంచడం, ఎండ తగిలే కిటికీలో ఉంచడం! కల్లుప్పు కడిగి వాడేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను: అందులో అయోడిన్ గళ్ల పైపైనే పట్టి ఉంటుంది, కడిగితే సింకులోకి పోతుంది. "సముద్రపు ఉప్పే కదా, అయోడిన్ ఉండదా" అని గ్రూపులో అడిగారు. ఉప్పు మడిలో ఆరిన ఉప్పులో మిగిలే అయోడిన్ లెక్కలోకి రానంత. సైంధవ లవణమూ, గులాబీ ఉప్పూ అంతే, ధర మాత్రమే ఎక్కువ. ఆవకాయకు మీ ఇష్టం, పప్పుకు మాత్రం ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని చూసి కొనండి, గాలి చొరని డబ్బాలో పోయండి, కూర దించే ముందు వేయండి.

అలాగని ఉప్పు పెంచమనడం లేదు. మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదు, అంటే గీసి కొలిచిన ఒక టీచెంచా. టిఫిన్ డబ్బాల్లో వచ్చే చిప్స్ గురించి ఈసారికి ఏమీ అనను. థైరాయిడ్ మాత్రలు వాడేవారు డాక్టరు చెప్పనిదే అయోడిన్ ఉప్పు మానకండి.

ఎస్ఏ-1 పరీక్షల షెడ్యూలు డైరీల్లో అంటించాం, రెండో విడత ఫీజు నెలాఖరు లోపు కట్టండి, గేటు ముందు బైకులు పెట్టకండి.

వచ్చే నెల రెండో శుక్రవారం మళ్లీ పరీక్ష. ఉప్పు డబ్బాలోంచి పొడి చెంచాతో తీసి పంపండి. దయచేసి అప్పటికప్పుడు కొత్త ప్యాకెట్ కొని, అందులోంచి పంపకండి. ఆ ముగ్గురు అమ్మాయిలు కనిపెట్టేస్తారు.

ప్రధానోపాధ్యాయురాలు