అది బంక కాదు, పురుగు పిల్లల ఫొటో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

అంబర్‌లో, అంటే ఎన్నో ఏళ్ల కిందట చెట్టు నుంచి కారి రాయిలా గట్టిపడిన ముద్దలో, దొరికిన పురుగుల గురించి మొన్న మీ పత్రికలో వచ్చిన వార్తను రెండుసార్లు చదివాను. పరకాలలో పాతికేళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఇలాంటి వార్త తెలుగులో వచ్చిందంటే నాకు పండగే. కానీ అందులో ‘చెట్టు బంక’ అని రాశారు. తుమ్మబంకను నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. అంబర్‌గా మారేది గుగ్గిలం లాంటి రెసిన్, అది నీళ్లకు లొంగదు. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన 5 కోట్ల ఏళ్ల నాటి అంబర్ అయితే గుగ్గిలం చెట్టు కుటుంబానిదే.

ఇంకొకటి. మీరు వేసింది రెక్కల పురుగు ఫొటో. అసలు అరుదైనవి గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు. మెత్తటి ఒళ్లు కనుక రాతిలో నిలవడం కష్టం. మయన్మార్ అంబర్‌లో దాదాపు 10 కోట్ల ఏళ్ల కిందటి తల్లి పురుగు ఒకటి ఉందని 2015లో ప్రకటించారు. మన పత్తి మీది పిండినల్లికి చుట్టం. మైనపు సంచి, అందులో 60 దాకా గుడ్లు, కొత్తగా పుట్టిన పిల్లలు. దానికి ‘వాథొండారా’ అని పేరు పెట్టారు, అక్కడి బౌద్ధుల భూదేవి పేరు. మన వసుంధరే!

అది చదివాక మా మందారానికి పట్టిన పిండినల్లి సంచిని గుండుసూదితో విప్పి భూతద్దం పెట్టి చూశాను. ఆవగింజలో పావు వంతు లేని లేత పసుపు పిల్లలు, ఒకదాని మీద ఒకటి పాకుతూ బయటికొచ్చాయి. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

లెబనాన్ అంబర్‌లో ఇంకా పాతవి, దాదాపు 13 కోట్ల ఏళ్లవి, అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) పిల్లలు గుడ్డు పెంకుల పక్కనే దొరికాయి. పెంకు చీల్చిన పంటి లాంటి పనిముట్టుతో సహా! 2018లో ఆ సంగతి బయటికొచ్చింది. ఈ పురుగు పిల్లలు నేటికీ పిండినల్లిని, పేనుబంకను తింటాయి. పోయిన ఏడు మా తమ్ముడి పత్తి చేన్లో అవి కనబడితే, “ఇవి గూడ పురుగులే గదక్కా” అని మందు కొట్టేశాడు. రెక్కలొచ్చినంక గుర్తుపడతాడు, పిల్లప్పుడు ఎట్లుంటదో వాడికెవరూ చూపలేదు. నేను కూడా బడిలో చూపలేదు, ఆ బాధ నాకుంది.

ఈ రెండు అంబర్ ఫొటోలనూ వ్యవసాయ పేజీలో పెద్దగా వేయండి. పక్కనే మన పత్తి ఆకు మీది పిల్లల ఫొటోలు కూడా, వానాకాలం విత్తనాల ముందే.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పరకాల, హనుమకొండ జిల్లా