సుసానా ఎమొరీని మరిచిన వంశచరిత్ర

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో కెప్టెన్ జాన్ స్టువర్ట్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. స్కాట్లాండులో పుట్టి, దక్షిణ కరోలినాకు వలస వెళ్లి, అమెరికా ఆదివాసులైన చెరోకీల సీమలో బ్రిటిష్ వారు కట్టిన లౌడన్ కోటలో కొలువు చేసి, 1762లో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున ఆదివాసీ వ్యవహారాల సూపరింటెండెంటు అయిన ఆయన జీవితాన్ని తెలుగువారికి పరిచయం చేయడం మెచ్చుకోదగ్గదే. అయితే ఆయన చెరోకీ బిడ్డను 'సంకర సంతతి' అని ఒక్క ముక్కలో తేల్చేసి, తల్లి పేరైనా చెప్పకపోవడం బొత్తిగా నచ్చలేదు.

ఆమె పేరు సుసానా ఎమొరీ. చెరోకీలకు ఏడు గోత్రాలున్నాయి. బిడ్డకు తల్లి గోత్రమే వస్తుంది, మగపిల్లలను తీర్చిదిద్దడంలో తండ్రి కన్నా మేనమామదే పెద్దరికం. తిరుమల కళ్యాణకట్టలో పసివాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయించే మన ప్రాంతం వారికి ఇది మరీ వింతగా తోచనక్కర్లేదు. కాకపోతే మనకు గోత్రం తండ్రిది. చెరోకీల లెక్కన సుసానా కొడుకు తన వారి దృష్టిలో సగం చెరోకీ కాదు, పూర్తి చెరోకీ.

ఈ బంధుత్వపు బలం 1760లో చెరోకీలు లౌడన్ కోటను ముట్టడించినప్పుడు తేటతెల్లమైంది. లోపల బ్రిటిష్ సైనికులు గుర్రపు మాంసంతో ప్రాణాలు నిలుపుకుంటుంటే, వారిని పెళ్లాడిన చెరోకీ స్త్రీలు బయటి నుంచి తిండి మోసుకొచ్చేవారు. సాయం చేస్తే చంపుతానని చెరోకీ నాయకుడు విల్లినావా బెదిరిస్తే, మా మగలకు రోజూ తిండి పెడతాం, మమ్మల్ని చంపితే మా బంధువులు నీ ప్రాణం తీస్తారని నవ్వుతూ బదులిచ్చారని, తర్వాత ఏడాదిన్నరకే ఆ ఊళ్లలో గడిపిన లెఫ్టినెంట్ హెన్రీ టింబర్‌లేక్ తన జ్ఞాపకాలలో రాశాడు. కోట లొంగిపోయాక చెరోకీలు చేసిన దాడిలో అధికారులలో స్టువర్ట్ ఒక్కడే బతికాడు. అటకుల్లకుల్ల అనే చెరోకీ పెద్ద తన తుపాకీనీ బట్టలనూ ఇచ్చి ఆయన్ను విడిపించుకుని, వేటకని చెప్పి అడవుల గుండా వర్జీనియా సేనల దగ్గరికి చేర్చాడు. మీ వ్యాసం దీన్ని స్టువర్ట్ చాతుర్యంగా చూపింది. నాకైతే అందులో అటకుల్లకుల్ల పెద్దమనసే కనిపిస్తుంది.

ఆంగ్లేయ భార్యకు పుట్టిన కొడుకు సర్ జాన్ స్టువర్ట్ 1806లో ఇటలీలోని మైడా దగ్గర ఫ్రెంచివారిని ఓడించిన సేనాపతి అని మీరు సవివరంగా రాశారు. సుసానా వైపు వారి ఊసు మాత్రం లేదు. స్టువర్ట్ గుబురు జుట్టును బట్టి చెరోకీలు పెట్టిన బుషీహెడ్ అన్న పేరే వారికి ఇంటిపేరైంది. మనవడు జెస్సీ బుషీహెడ్ బాప్టిస్టు బోధకుడు. 1838లో అమెరికా ప్రభుత్వం చెరోకీలను పుట్టిన నేల నుంచి వెళ్లగొట్టినప్పుడు సుమారు వెయ్యిమంది ఉన్న ఒక బృందాన్ని చలికాలంలో పడమటికి నడిపించాడు. జెస్సీ కొడుకు డెనిస్ 1879 నుంచి 1887 దాకా చెరోకీ జాతికి ప్రధాన నాయకుడు. సేనాపతికి దక్కిన చోటులో సగమైనా వీరికి దక్కవలసింది కాదా?

వ్యాసానికి రెండో భాగం ఉందని ప్రకటించారు కనుక, అందులో వేసే వంశవృక్షంలో సుసానా పేరునూ ఆమె సంతతినీ చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి