హైదరాబాద్ రేటుతో గుంటూరులో షెడ్డు లేవదు

సంపాదకుల వారికి నమస్కారం.

చిన్న పరిశ్రమలు పెట్టాలనుకునే వారి కోసం మీ ఆదివారం అనుబంధంలో ఇచ్చిన కథనం చదివాను. షెడ్డు ఖర్చు చదరపు అడుగుకు ఇంత అని ఒకే అంకె వేశారు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, జిన్నింగ్ మిల్లులకు, ఆటోనగర్ షెడ్లకు ఎస్టిమేట్లు వేయడమే నా వృత్తి. ఆ అంకెను నమ్మి ఎవరైనా అప్పు చేస్తారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది హైదరాబాద్ రేటులా ఉంది. షెడ్డు డిజైన్‌కు తీసుకునే ప్రాథమిక గాలి వేగం ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకు భారతీయ ప్రమాణం) ప్రకారం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు 50. ఆరు మీటర్లే కదా అనుకోకూడదు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 44ను 44తో గుణిస్తే 1936, 50ని 50తో గుణిస్తే 2500. మిగతావన్నీ సమానమైనా మన షెడ్డు మీద ఒత్తిడి 29 శాతం ఎక్కువ. దానికి తగ్గట్టు కాలమ్‌లు, రాఫ్టర్లు, పైకప్పు రేకులను మోసే పర్లిన్లు, కాలమ్‌ను పునాదికి బిగించే యాంకర్ బోల్టులు బరువెక్కుతాయి. ఇనుము కొనేది టన్నుల్లో, అడుగుల్లో కాదు.

నేల సంగతి ఇంకా పెద్దది. గుంటూరు చుట్టూ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. చాలాచోట్ల మామూలు ఫుటింగులు పనికిరావు, అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుగా దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు, వేయాలి. ఫ్లోరు కింద నల్లమట్టి తీసి గ్రావెల్ నింపి రోలింగ్ చేయకపోతే రెండు వానాకాలాలకే పగుళ్లు. చిలకలూరిపేట రోడ్డులో పొలం అమ్మి మిర్చి కోల్డ్ స్టోరేజీ మొదలుపెట్టిన అన్నదమ్ములకు ఈ మాట పునాది తవ్వాక తెలిసింది. అంతకుముందు మట్టి పరీక్ష అడిగినవాళ్లే లేరు. పైల్స్ ఎక్స్‌ట్రా ఐటమ్ అన్నాడు కాంట్రాక్టరు. బ్యాంకు మాత్రం మొదటి ప్రాజెక్టు రిపోర్టులో ఉన్న మొత్తానికే కట్టుబడింది. గోడలు లేచేసరికి డబ్బయిపోయింది. ఇన్సులేషన్ ప్యానెళ్లకు, అమ్మోనియా కంప్రెసర్లకు బయట వడ్డీకి తెచ్చారు. ఈలోగా సీజను దాటిపోయింది. మిర్చి నిల్వకొచ్చేది ప్రధానంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానే. అది తప్పిపోతే ఏడాది అద్దె పోయినట్టే, వడ్డీ మాత్రం ఆగదు. వాళ్లు సోమరులూ కాదు, దుబారా మనుషులూ కాదు. వాళ్ల చేతికొచ్చిన అంకే తప్పు.

విజయవాడ వైపు మెరక ఖర్చు చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచాక ప్లింత్ (నేల మట్టం నుంచి ఫ్లోరు దాకా) ఎత్తు పెంచమని చాలామంది అడుగుతున్నారు, అడగాల్సిందే. కానీ ఎకరం స్థలం ఒక్క మీటరు లేపాలంటే నాలుగు వేల ఘనపు మీటర్లకు పైగా మట్టి కావాలి, అదీ రోలింగ్ చేశాక మిగిలే కొలత. చదరపు అడుగు రేటులో ఇది ఎక్కడా కనపడదు. హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు లైను, ట్రాన్స్‌ఫార్మరు, ఫైర్ ట్యాంకు, లారీ తిరిగే రోడ్డు కూడా అంతే. రేట్లూ నిలకడగా ఉండవు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ఎస్టిమేట్లు చేతిలో ఉన్నవాళ్లు కాంట్రాక్టరుతో మళ్లీ కూర్చోవాలి.

దయచేసి ఆ కథనానికి సవరణ వేయండి. ఆ రేటు ఏ ఊరిది, ఈవ్ ఎత్తు (కప్పు అంచు దాకా గోడ ఎత్తు) ఎంత, పునాది ఏ రకం, అందులో ఏవి కలవలేదు అన్నది రాయండి.

బ్యాంకుల వారికీ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. అప్పు అడిగేవాళ్లు ప్రాజెక్టు రిపోర్టుల్లో సివిల్ పనులన్నిటికీ కలిపి ఒకే వరుసలో లంప్‌సమ్ (ఒకే మొత్తం) రాసి ఇస్తున్నారు. దాన్ని ఒప్పుకోవద్దు. అప్పు మంజూరుకు ముందే మట్టి పరీక్ష రిపోర్టు, ఐటమ్ వారీ కొలతల షీటు, ఊహించని ఖర్చులకు విడిగా పెట్టిన మొత్తం అడగండి. పరీక్షకయ్యే ఖర్చు మొత్తం పునాది ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

– ఒక సివిల్ ఎస్టిమేటర్,
బ్రాడీపేట, గుంటూరు