వార్షిక నివేదిక: ఇంటి లినక్స్ కంప్యూటర్లలో సొంత ఫైళ్ల భద్రత

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది మన లినక్స్ వినియోగదారుల సంఘం సమావేశాల్లో ఎక్కువ భాగాన్ని సభ్యుల సొంత ఫైళ్ల బ్యాకప్‌కే కేటాయించాం. నకలు తీయడం చూపించి ఊరుకోకుండా, ఆ నకలులోంచి ఒక ఫోల్డర్‌ను వేరే చోటికి తిరిగి తెచ్చి, ఫైళ్లు తెరిచి చూసేదాకా ప్రతి సభ్యుడితోనూ సాధన చేయించాలని కార్యవర్గం పట్టుబట్టింది. తిరిగి తెచ్చి చూడని నకలును బ్యాకప్‌గా లెక్కించకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

మొదటి సమావేశాలు ఫైళ్లను నకలు చేసే ఆర్‌సింక్‌తో గడిచాయి. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రాసిన ఈ ప్రోగ్రాం 1996లో వెలువడింది. మొదటిసారి అన్నీ నకలు చేసి, ఆ తర్వాత మారిన వాటినే పంపుతుంది కాబట్టి రోజూ నడిపినా భారం కాదు. అయితే మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ పేరు చివర నక్షత్రం గుర్తు పెట్టి కమాండ్ ఇస్తే, చుక్కతో మొదలయ్యే ఫైళ్లూ ఫోల్డర్లూ కమాండ్లను చదివి నడిపే షెల్‌కు కనిపించక, వేరే కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు, ఎన్నో ప్రోగ్రాముల సెట్టింగులు నకలుకు ఎక్కకుండా మిగిలిపోతాయి. నక్షత్రం తీసేసి ఫోల్డర్ పేరును ఏటవాలు గీతతో ముగిస్తే అవి కూడా వస్తాయి.

ఇంతకన్నా ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. బయటి డ్రైవ్ మౌంట్ కాకముందే, అంటే సిస్టమ్‌లోని ఒక ఫోల్డర్‌కు జతపడకముందే, నకలు తీసే కమాండ్లు రాసి ఉంచిన స్క్రిప్టు నడిస్తే, డ్రైవ్ ఉండాల్సిన చోట ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే కంప్యూటర్ లోపలి డిస్కు మీదికే, నకలు చేరుతుంది; ఏ లోపమూ చూపకుండా పని ముగుస్తుంది గనుక ఆ డిస్కు పాడైతే అసలూ నకలూ కలిసే పోతాయి. అందుకే డ్రైవ్ నిజంగా మౌంట్ అయిందో లేదో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసి, కాకపోతే అక్కడే ఆగిపోయేలా స్క్రిప్టు రాయడం అందరికీ నేర్పాం.

డిలీట్ ఆప్షన్‌తో నడిపే ఆర్‌సింక్, మనం పొరపాటున తొలగించిన ఫొటోను నకలులోంచి కూడా తీసేస్తుంది. పాత ప్రతులు కావాలంటే బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రాం మేలని సూచించాం. అటిక్ అనే ప్రోగ్రాం నుంచి 2015లో విడివడిన బోర్గ్, ఒకే సమాచారాన్ని రెండుసార్లు దాచదు; కోరితే ఎన్‌క్రిప్ట్ కూడా చేస్తుంది, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారుస్తుంది. కానీ వాటిని తెరిచే పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) పోతే ఆ ఫైళ్లను ఎవరూ తెరవలేరు కాబట్టి, దాన్ని కాగితం మీద రాసి కంప్యూటర్‌కు దూరంగా భద్రపరచుకోవాలి.

సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న సభ్యులకు ఒక మాట: అది సిస్టమ్ ఫైళ్ల కోసం తయారైనది, మనంతట మనం చేర్చకపోతే హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. అలాగే, కంప్యూటర్ ఆపేసి ఉన్న వేళ తప్పిపోయిన పనిని, నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ మళ్లీ చేయదు. ఇంటి కంప్యూటర్‌కు, తప్పిన పనిని తర్వాత నడిపే అనాక్రాన్ తగినది.

వచ్చే ఏడాది, ఇష్టపడిన సభ్యులు తమ ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లను ఒకరి ఇంట్లో ఒకరు దాచుకునే ఏర్పాటు చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఇందులో చేరదలచినవారు ముందుగా తమ డ్రైవ్‌లోంచి కొన్ని ఫైళ్లను మరో కంప్యూటర్‌లోకి తిరిగి తెచ్చి చూసుకుని రావలసిందిగా కోరుతున్నాం.