మాత్రతో పాటు పురుగు దారీ చెప్పాలి

సంపాదకులు గారికి,

నులిపురుగుల నివారణ దినం నాడు బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. 2015లో మొదలైన ఈ కార్యక్రమం వల్ల మేలే జరుగుతోంది. అయితే ఆ పురుగు పేగులోకి ఏ దారిన వచ్చిందో పిల్లలకు గానీ పెద్దలకు గానీ చెప్పగా నేను వినలేదు. బెల్లం తింటే పురుగులు పడతాయన్న నమ్మకం మా ఉద్దానం ఊళ్లలో ఇంకా పోలేదు.

ఈ పురుగుల్లో ఒకటైన కొంకిపురుగు (హుక్‌వార్మ్) ముఖ్యంగా కాలి నుంచి వస్తుంది. ఆరుబయట మలంలో పడిన గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగిలి, వారం పది రోజుల్లో లార్వాలు (పిల్లపురుగులు) చర్మాన్ని తొలిచే దశకు వస్తాయి. వాటికి కావలసిన నీడ, తేమ, ఇసుక నేల వానాకాలంలో మా కొబ్బరి, జీడి తోటల్లో పుష్కలంగా ఉంటాయి. చెప్పుల్లేకుండా కలుపు తీసినవారి కాలివేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు లేచి తెగ దురద పెడితే, బురద పడలేదనుకుని పసుపు రాసుకుని ఊరుకుంటారు. లార్వా మాత్రం రక్తంలో కలిసి, గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడి గాలిగదుల్లోకి చొచ్చుకుని, శ్వాసనాళం వెంబడి గొంతు దాకా పాకి, మింగిన ఉమ్మితో కడుపులోకి దిగి, చివరకు చిన్నపేగు గోడను కరచుకుని నెత్తురు తాగుతుంది. మన ఆడవాళ్ల రక్తహీనతకు ఇదీ ఒక కారణమని గుర్తించాలి.

మరో రకమైన ఏలికపాము గుడ్డు మట్టి చేతులతో, కడగని కూరలతో నోట్లోకే పోతుంది. అయినా అది తిన్నగా పేగులో స్థిరపడదు. లార్వా పేగు గోడను తొలుచుకుని, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు వెళ్లి, 10 నుంచి 14 రోజులు అక్కడ పెరిగి, గొంతుకెక్కి తిరిగి పేగుకు వస్తుంది. జపాన్ వైద్యుడు కొయినో ఏకంగా 2,000 గుడ్లను తానే మింగి, తన కఫంలో లార్వాలు కనిపించిన సంగతిని 1922లో ప్రకటించారు. లార్వా ఊపిరితిత్తుల్లో ఉన్న దశలో పొడిదగ్గు, పిల్లికూతలు, కొద్దిపాటి జ్వరం రావచ్చు. గుడ్లు పడడానికి రెండు మూడు నెలలు పడుతుంది కనుక అప్పుడు మలపరీక్షలో ఏమీ తేలదు.

మాత్ర పేగులోని పురుగు మీద పనిచేసినంతగా ఊపిరితిత్తుల్లోని లార్వా మీద పనిచేయదు. అందుకే కొన్నాళ్లకు మళ్లీ పురుగు కనబడితే తల్లిదండ్రులు మాత్రనే తప్పుపడుతున్నారు. మాత్ర వేసే రోజున ఉపాధ్యాయులు ఈ దారిని నల్లబల్ల మీద గీసి చూపాలని, తోటల యజమానులు కూలీలకు చెప్పులు సమకూర్చాలని, ఇంట మరుగుదొడ్డి ఉండి కూడా తోటలోకి వెళ్లేవారికి ఆశా కార్యకర్తలు ఈ సంగతి విడమరచి చెప్పాలని కోరుతున్నాను. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం పురుగులేనని ఊరుకోక క్షయ పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా