తిరగేసి అచ్చువేసిన చైనా పటం

అయ్యా,

మూడు వారాల కిందట మీ ఆదివారం పుస్తకంలో చైనా పాతకాలపు చిత్రాల మీద నాలుగు పేజీలు వేశారు. తెలుగు పేపర్లో ఆ విషయానికి అంత చోటిచ్చినందుకు చాలా సంతోషించాను. ఆ సంతోషం రెండో పేజీ దాకా కూడా నిలవలేదు. తప్పులు చూసుకుని మీరే సవరణ వేస్తారని రెండు ఆదివారాలు ఎదురుచూశాను. వెయ్యలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పెద్ద బొమ్మ సంగతి. చైనావాళ్లు పెద్దల సమాధులకు వెళ్లి మొక్కే ఛింగ్‌మింగ్ పండుగ వేళ నదీతీరాన్ని చూపించే పటం అది. సోంగ్ రాజుల కాలంలో, 12వ శతాబ్దంలో, జాంగ్ జెదువాన్ అనే చిత్రకారుడు గీశాడు. ఇప్పుడు బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. మీరు దాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి వేశారు. నేను ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఈ పటం మొత్తం భాగాలుగా అచ్చయిన పాత పుస్తకం ఒకటి నా దగ్గరుంది. అందులో బరువులు మోసుకుంటూ గాడిదల వరస కుడి చివర మొదలై ఎడమ వైపు, అంటే ఊళ్లోకి, నడుస్తుంది. మీ పేపర్లో అవే గాడిదలు కుడి వైపుకు పోతున్నాయి. రాజముద్రల్లోని అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు పడ్డాయి.

ఇది చిన్న విషయం కాదండీ. ఆ పటం గోడకు తగిలించడానికి గీసింది కాదు. ఎత్తు జానెడు కంటే కొంచెం ఎక్కువ, పొడవు 5 మీటర్ల పైన. దాన్ని బల్ల మీద పెట్టి, కుడిచేతి వైపు నుంచి చుట్ట విప్పుకుంటూ, చూసిన మేరకు మళ్లీ చుట్టుకుంటూ, ఒక్కోసారి మూరెడు మూరెడు చదవాలి. ముందు పొలాలు, చెట్లు, పల్లె దారి. తరవాత నది, పడవలు. నడిమిలో ఇంద్రధనుస్సులా వంగిన కొయ్య వంతెన. దాని కిందికి ఒక పడవ వచ్చేస్తోంది, తెరచాప కొయ్య ఇంకా పూర్తిగా దించలేదు, వంతెన మీది జనం వంగి కేకలు వేస్తున్నారు. చూస్తున్న మనకే టెన్షన్ పుడుతుంది. ఆ తరవాత కోట వాకిలి, నగరం, అంగళ్లు. తిరగేసి వేస్తే ఈ ప్రయాణమంతా వెనక్కి నడుస్తుంది. పైగా మీరు వంతెన లేని ముక్క కత్తిరించి వేశారు. ఆ పటానికి గుండెకాయ ఆ వంతెనే. మిగిలిన చోటును బంగారు నగల ప్రకటనకు ఇచ్చారు.

రెండోది గు కైజి అనే పాతకాలపు చిత్రకారుడి పేరుతో ఉన్న పటం. అంతఃపుర స్త్రీలకు నీతులు చెప్పే ఆ పట్టుచుట్టను మీరు '4వ శతాబ్దంలో ఆయన స్వహస్తాలతో గీసిన అసలు ప్రతి' అని రాశారు. గు కైజి 4వ శతాబ్దపు వాడే. కానీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ పటం తరవాతి కాలంలో ఎవరో తీసిన నకలు అన్నదే పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నకలు అయితే విలువ తగ్గిపోతుందని మీవాళ్లు భయపడ్డారా? ఎలుగుబంటి మీదికి వస్తుంటే చక్రవర్తికి అడ్డంగా వెళ్లి నిలబడిన ఫెంగ్ అనే స్త్రీ వీపు చూడండి, ఎంత నిటారుగా ఉందో. నకలులోనే అంత బలం ఉంటే అసలు ఎలా ఉండేదోనని నేను ఎన్నో రాత్రులు ఆలోచించాను. ఆ మాట పాఠకులకు చెప్పాల్సింది.

ఆ పటానికి జరిగిన అన్యాయం గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. 1903లో ఒక బ్రిటిష్ సైనికాధికారి దగ్గర మ్యూజియం వాళ్లు 25 పౌండ్లకు కొన్నారు. పదేళ్లు దాటాక దాన్ని చుట్టగా ఉంచకుండా ముక్కలు చేసి చదునైన చట్రాలకు అతికించారు. విప్పుకుంటూ చదవాల్సిన దాన్ని గోడ బొమ్మను చేసేశారు. అంత పెద్ద సంస్థే ఆ పని చేసిందని తెలిస్తే, పేపర్లో కత్తెర పట్టుకున్నప్పుడు మనకు ఇంకా జాగ్రత్త రావాలి కదా.

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన వాక్యం మూడో పేజీలో ఉంది. 'చైనా చిత్రకారులకు మనిషి ముఖం గీయడం తెలియదు, ఇటలీ నుంచి వచ్చిన మతగురువు నేర్పాడు' అని. మీరు చెప్పిన ఆ ఇటలీ ఆయన పేరు కాస్టిలియోనె. 1715లో చైనా చేరాడు, 1766లో బీజింగ్‌లోనే చనిపోయాడు, ముగ్గురు చక్రవర్తుల కొలువులో పనిచేశాడు, గొప్ప చిత్రకారుడు. అవన్నీ నిజం. కానీ ఆయన నేర్పినదెంతో, నేర్చుకున్నదీ అంతే. పట్టు మీద చైనా రంగులతో గీయడం నేర్చుకున్నాడు. ముఖంలో ఒక పక్కంతా నల్లటి నీడ పడేలా గీస్తే ఆ కొలువులో ఒప్పుకోలేదు గనక చక్రవర్తుల ముఖాలను ఎదురుగా, సమమైన వెలుతురులో గీశాడు. నీడ వెయ్యకపోవడం చేతకాక కాదు. మనిషి ముఖం మీద మచ్చ కనబడకూడదన్న అభిరుచి అది.

అంతకు 1300 ఏళ్ల ముందే గు కైజి గురించి ఒక కథ చెప్పుకునేవారు. మనిషి బొమ్మంతా పూర్తిచేసి కళ్లు మాత్రం ఏళ్ల తరబడి పెట్టేవాడు కాదట. అడిగితే, ఒంటి అందచందాలు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ప్రాణం పలికేది కళ్లలోనే అన్నాడట. మన స్థపతులు విగ్రహానికి ఆఖరున కళ్లు తెరిపించినట్టే. ఇంకొకరి బొమ్మ గీస్తూ, బుగ్గ మీద మూడు వెంట్రుకలు అదనంగా గీశాడట, ఆ మనిషి వివేకం అందులో కనబడుతుందని. ఇలా ఆలోచించిన వాళ్లకు ముఖం గీయడం తెలియదా? చైనా ఇళ్లలో పెద్దల పటాలుండేవి. కొత్త సంవత్సరానికి బయటికి తీసి గోడకు తగిలించి, ఎదురుగా నైవేద్యం పెట్టి మొక్కేవారు. చనిపోయినవాళ్ల పోలిక తేవడానికి చిత్రకారుడు ముక్కుల, కళ్ల నమూనాలు చూపించి ఇంట్లోవాళ్లను అడిగి గీసేవాడు. మన ఇళ్లలో తాతగారి ఫోటోకు దండ వేసినంత సహజంగా ఆ పటం వాళ్ల ఇంట్లో ఉండేది. ఇది రాస్తే మన పాఠకులకు ఇట్టే అర్థమయ్యేది.

పొరపాటు ఎవరికైనా వస్తుంది. హువాంగ్ గోంగ్‌వాంగ్ అనే చిత్రకారుడు 1350లో ముగించిన ఫూచున్ కొండల పటం విషయంలో సాక్షాత్తూ చియెన్‌లాంగ్ చక్రవర్తే పొరబడ్డాడు. నకలు ముందు చేతికొచ్చింది, అదే అసలు అనుకుని దాని మీద యాభైకి పైగా వ్యాఖ్యలు రాశాడు. మరుసటి ఏడు అసలుది వస్తే నకలు అన్నాడు. అసలు పటం శుభ్రంగా మిగిలింది అందువల్లే. అంతకు చాలా ముందే, 1650లో, ఒక యజమాని పోతూ పోతూ ఆ పటాన్ని తగలబెట్టమంటే, బంధువు మంటలోంచి లాగి కాపాడాడు. అది రెండు ముక్కలైంది. ఒకటి చైనాలో, ఒకటి తైవాన్‌లో. 2011లో తైపేయిలో రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు టీవీలో చూసి నాకు కళ్లు చెమర్చాయి. మీ నాలుగు పేజీల్లో దీనికి ఒక్క లైను కూడా దక్కలేదు.

మీ పేపర్నొక్కదాన్నే అనడం లేదు. కిందటేడు ఒక మ్యూజియంకి వెళ్లాను, పేరు రాయను. ఒక విదేశీ చిత్రం కింద 'చైనా చిత్రం' అని అట్టముక్క, అంతే. ఏ కాలం, పట్టా కాగితమా, అసలా నకలా, ఏమీ లేదు. ఎదురుగా ట్యూబ్‌లైటు నేరుగా పడుతోంది. పాత పట్టు వెలుతురుకు పాడైపోతుందని లండన్ మ్యూజియం తన పటాన్ని ఏడాదిలో కొన్ని వారాలే బయటపెడుతుంది. ఆ మాట చెబితే అక్కడి ఉద్యోగి 'పైవాళ్లకు రాయండి సార్' అన్నాడు. రాశాను. జవాబు రాలేదు. స్కూళ్లలో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకోవడం నా సర్వీసంతా చూశాను. బొమ్మ చూడటం పిల్లలకు నేర్పకపోతే పెద్దయ్యాక ఆఫీసులో కూర్చుని బొమ్మను తిరగేసి వేసినా వాళ్లకు తెలియదు.

నేను అడిగేది ఎక్కువేం కాదు. ప్రతి చిత్రం కింద గీసినవాడి పేరు, కాలం, కొలతలు, ఎక్కడుందో, అసలా నకలా అన్నది వేయండి. ఇటలీ ఆయన గురించిన వాక్యానికి సవరణ ఇవ్వండి. ఛింగ్‌మింగ్ పటాన్ని ఇంకో ఆదివారం సరైన వైపు, మధ్య రెండు పేజీల మీద అడ్డంగా వేయండి. పేజీల మడత మాత్రం వంతెన మీద పడకుండా చూడండి.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
తెనాలి