సుడిగీతలకు ముందు మెత్తని ప్యాడ్‌తోనే మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కారు రంగు మీద పడే సుడిగీతలను పోగొట్టడం గురించి మీ పత్రిక వాహనాల పుటలో వచ్చిన సూచనలను శ్రద్ధగా చదివాను. దుమ్ము అంటుకున్న గుడ్డతో తుడవడమే ఆ గీతలకు ప్రధాన కారణమని రాసింది నిజమే. అయితే గట్టి కాంపౌండ్‌తో, అంటే ముతక రేణువులున్న పాలిష్‌తో, ఒక్కసారి రుద్దిస్తే సరిపోతుందన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. దాన్ని నమ్మి కారును అప్పగించినవారికి కలిగే నష్టం తిరిగి పూడ్చుకోలేనిది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఈనాటి కార్లలో చాలావాటికి అసలు రంగు మీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక మందం కన్నా తక్కువే. సుడిగీతలు ఈ పొరలోనే ఉంటాయి. అవి నిజానికి సుడులు తిరిగి ఉండవు. అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతల్లో, పడే వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరవడం వల్ల, దీపం చుట్టూ సాలెగూడు అల్లినట్టు కనిపిస్తాయి. పాలిష్ ఆ గీతలను పూడ్చదు. గీత అడుగు ఎంత లోతున ఉందో అంతవరకూ చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. అరిగిపోయిన పొరను మైనం గానీ మరే పూత గానీ తిరిగి తేలేవు. అతినీలలోహిత కిరణాలను ఆపి కింది రంగును కాపాడేది కూడా ఆ పొరే. కాబట్టి గీతలు పోయాయా లేదా అన్నదానితో పాటు, ఎంత పొరను ఖర్చుపెట్టి పోగొట్టామన్నది కూడా చూసుకోవాలి.

ఈ విషయం నాకు అనుభవం మీద తెలిసింది. నా నల్లరంగు కారును ఒక పనిశాలలో ఇస్తే, ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ యంత్రానికి ఊలు ప్యాడ్ తగిలించి, ముతక కాంపౌండ్‌తో రుద్ది ఇచ్చారు. ఆ సాయంత్రం నీడలో చూస్తే అద్దంలా ఉంది. నాలుగైదుసార్లు కడిగాక ఎండలో నిలబెట్టి చూస్తే, బానెట్ నిండా యంత్రం తిరిగిన దారులు నీడల్లా తేలాయి. పాలిష్‌లోని నూనెలు అప్పటిదాకా వాటిని కప్పి ఉంచాయని తర్వాత అర్థమైంది. అందుకే పని ముగిశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లతో పలుచన చేసి, ఆ చోట తుడిచి, గట్టి దీపం కింద చూడనిదే ఎవరూ తృప్తిపడకూడదని నా మనవి.

అసలు చెప్పదలచింది ఇది: పాలిష్‌ను, ప్యాడ్‌ను విడివిడిగా ఎంచుకోకూడదు. రెండూ కలిస్తేనే కోత, అంటే పొరను అరగదీసే శక్తి, ఎంత అన్నది తేలుతుంది. ఒకే పాలిష్ మెత్తని ఫోమ్ ప్యాడ్ మీద నునుపు తెస్తుంది, గట్టి ఫోమ్ మీద గీతలు తీస్తుంది, ఊలు మీద అంతకన్నా వేగంగా కోస్తుంది. మైక్రోఫైబర్ ప్యాడ్ కోత బాగానే ఉన్నా, మెత్తని క్లియర్ కోటు మీద పొగ పట్టినట్టు మసకను వదులుతుంది కాబట్టి, దాని తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో, సన్నని పాలిష్‌తో మరో విడత తప్పదు. ప్యాడ్ రంగును చూసి కొనడం కూడా పొరపాటే. ఒక తయారీదారు కోతకు వాడే రంగును మరొకరు మెరుగుకు వాడతారు. ఆ రంగులకు అందరికీ ఒకే నియమం లేదు. అడగవలసింది గట్టిదనం గురించి.

క్లియర్ కోటు గట్టిదనం కారుకూ కారుకూ మారుతుంది. కాబట్టి ఎదుటివారి కారుకు పనిచేసిన జత మనకు పనిచేస్తుందన్న హామీ లేదు. ముందుగా కారును శుభ్రంగా కడిగి, అంటుకున్న మురికిని క్లే బార్ అనే మెత్తని బంకమట్టి లాంటి ముద్దతో తీసి, ఒక మూల రెండు జానల చదరంలో మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, సన్నని పాలిష్‌తో ప్రయత్నించాలి. గీతలు పోకపోతే పాలిష్‌ను అలాగే ఉంచి ప్యాడ్‌ను ఒక మెట్టు గట్టిది చేయాలి. అప్పటికీ పోకపోతేనే కాంపౌండ్ వైపు వెళ్లాలి. ఆ చిన్న చోట తేలిన జతతోనే మిగతా కారంతా చేయాలి. కొత్తగా నేర్చుకునేవారికి డ్యుయల్ యాక్షన్ యంత్రమే క్షేమం. తిరుగుతూనే అటూ ఇటూ ఊగడం వల్ల అది ఒకేచోట వేడిని పోగుచేయదు.

గోరుకు తగిలేంత లోతైన గీతను పూర్తిగా తీసే ప్రయత్నం వదిలేయడమే మంచిది. అంచులు, మడతల దగ్గర పొర పలచగా ఉంటుంది కనుక అక్కడ యంత్రాన్ని ఆపి ఉంచరాదు. మందం కొలిచే పరికరం కూడా, సామాన్యంగా దొరికేదైతే, లోహం మీద ఉన్న పొరలన్నింటి మొత్తాన్నే చూపుతుంది, క్లియర్ కోటును విడిగా చూపదు. ప్లాస్టిక్ బంపర్ల మీద అది పనికిరాదు. ఆ అంకెను చూసి ధైర్యం తెచ్చుకోవడం నాకు సరైనదిగా తోచదు. ప్యాడ్‌ను మధ్యమధ్య బ్రష్‌తో శుభ్రం చేయడం, నిండిపోయినప్పుడు మార్చడం కూడా ఎంపికలో భాగమే, ఎందుకంటే అరిగిన రంగు పొడితో నిండిన ప్యాడ్ ఎంత మంచి పాలిష్‌నైనా చెడగొట్టి కొత్త గీతలు పెడుతుంది.

మీ వాహనాల పుటను చూసి చాలామంది నిర్ణయాలు తీసుకుంటారు. కాబట్టి వచ్చే సంచికలో ఆ సలహాను సవరించి, మెత్తనిదానితో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి గట్టిదానికి వెళ్లే ఈ క్రమాన్ని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు